తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గరే కారుకు పెయింట్: అనంతపురం ఎండలో, గాలిలో ఏది నిలుస్తుంది?

అనంతపురంలో ఆరుబయట నిలబెట్టిన పాత కారు వయసు తెలియాలంటే తలుపుల వైపు కాదు, టాప్ వైపు, బానెట్ వైపు చూడాలి. తలుపుల రంగు బాగానే ఉంటుంది. పైభాగం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబారి, క్లియర్ కోట్ పొరలు పొరలుగా లేచిపోయి కనిపిస్తుంది. ఇది తుప్పు పని కాదు, ఎండ పని. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ పీఠభూమిలో రేకు తుప్పు పట్టడం సముద్రతీరం ఊళ్ళతో పోలిస్తే తక్కువ. చేతిలో డబ్బు తక్కువున్న కుటుంబానికి ఇది మంచి మాటే. చాలా బండ్లకు కారంతా గీకి మళ్ళీ రంగు వేయాల్సిన పని లేదు. టాప్, బానెట్, ఒకటి రెండు దెబ్బలు సరిచేస్తే చాలు.

పెయింట్ డబ్బా కొనే ముందు ఆర్సీ చూడాలి. సొంత కారుకు 15 ఏళ్ళు నిండితే రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, ఆ తర్వాత ప్రతి ఐదేళ్ళకు ఒకసారి. 2022 ఏప్రిల్ 1 నుంచి కారు రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 రూపాయలకు పెరిగింది. 20 ఏళ్ళు దాటిన బండికి ఇంకా ఎక్కువ. గడువు దగ్గరపడిన కారైతే ముందు బ్రేకులు, టైర్లు, పొగ సంగతి చూసుకోవాలి. రంగు తర్వాత.

రెండో పరీక్షకు తడి గుడ్డ చాలు. వెలిసిన చోట తడి గుడ్డతో గట్టిగా తుడిస్తే గుడ్డకు రంగు అంటుతోందంటే, అది పైపొర మాత్రమే చచ్చిన పెయింట్. రబ్బింగ్ కాంపౌండ్, ఆ మీద పాలిష్ పెడితే మళ్ళీ మెరుస్తుంది, ఖర్చు దాదాపు లేనట్టే. క్లియర్ కోట్ పెచ్చులుగా లేచిందా, ఎంత రుద్దినా లాభం లేదు, ఆ ప్యానెల్‌కు మళ్ళీ వేయాల్సిందే.

ఇక కాలం. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్, జులై నెలల్లో ఈ ప్రాంతంలో వీచే గాలికి తడి పెయింట్ మీద దుమ్ము పడకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఏప్రిల్, మే ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. అప్పుడు పెయింట్ గన్ నుంచి రేకు మీదకు చేరేలోపే ఆరిపోయి గరుకుగా తేలుతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానల తేమకు ఎన్సీ పెయింట్ తెల్లగా పొగ కమ్మినట్టవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు తడి ఆరాక, పదకొండు గంటలలోపు చేసుకునే పని ఇది. పండక్కో పెళ్ళికో వారం ముందు మొదలుపెడితే మాత్రం బండి సగంలో ఉండగానే పండగ వచ్చేస్తుంది.

పెయింట్ పనిలో ముప్పాతిక వంతు రుద్దడమే. తుప్పు చుక్కలను 80 నంబరు ఎమరీతో తెల్లటి రేకు కనిపించేదాకా రుద్దాలి. సొట్టలుంటే హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీ పల్చగా పెట్టాలి. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే కొన్నాళ్ళకు పగులుతుంది. పుట్టీని 180తో, తర్వాత 320తో సాపు చేసి, ప్రైమర్ కొట్టి, అది ఆరాక 600 లేదా 800 వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాలి. గోరు ఆనిస్తే తగిలే గీత ఏదైనా పెయింట్ వేశాక ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది.

తడిపి రుద్దేటప్పుడు ఇక్కడి బోరు నీళ్ళతో ఒక చిక్కు ఉంది. ఈ నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఆరిన చోట తెల్ల మరక మిగులుతుంది, దాని మీదే పెయింట్ పడితే కొన్ని నెలలకు బుడగలు లేస్తాయి. పైపు పెట్టి కడగక్కర్లేదు. రెండు బకెట్లు చాలు, చివర తుడుపు మాత్రం తాగే క్యాన్ నీళ్ళతో చేయాలి. ఆర్వో మిషన్ వదిలేసే నీళ్ళు పనికొస్తాయని కొందరు దాచిపెడతారు. వాటిలో ఉప్పు ఇంకా ఎక్కువ, కారుకు వాడకూడదు.

రంగు ఏది, దేనితో వేయాలి? ఒక అద్దం కవరో, బంపర్ మూలో అయితే స్ప్రే డబ్బా సరిపోతుంది. డోర్ పిల్లర్ దగ్గరో ఇంజిన్ దగ్గరో ప్లేటు మీద కలర్ కోడ్ ఉంటుంది. అది చెబితే మిక్సింగ్ షాపులో దగ్గరి రంగు కలిపిస్తారు. వెలిసిన పాత రంగుతో అది అచ్చంగా కలవదు, ఒక ప్యానెల్ అంచు నుంచి అంచు దాకా వేస్తేనే తేడా దాగుతుంది. పెద్ద ప్యానెళ్ళకు అద్దె కంప్రెసర్, 1.4 మిల్లీమీటర్ల నాజిల్ గన్ కావాలి. గన్‌ను రేకుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో పట్టుకుని, ప్రతి వరుస ముందటి వరుసను సగం కప్పేలా వెళ్ళాలి.

అన్నిటికన్నా చవకైనది సింథటిక్ ఎనామెల్, ఫోమ్ రోలర్. టర్పెంటైన్ కలిపి పాలంత పల్చగా చేసి, ఆరేడు పల్చటి కోట్లు వేస్తూ, రెండేసి కోట్లకు ఒకసారి 800తో రుద్దాలి. పాతూరు లాంటి ఇరుకు సందుల్లో పక్కింటి బట్టల మీద తుంపర పడదు, అది దీని గొప్ప. కానీ ఎనామెల్ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి షీట్ కట్టిన షెడ్డు తప్పదు. మెటాలిక్ రంగు రోలర్‌తో రాదు. ఎండకు మెరుపు కూడా త్వరగా పోతుంది. ఒక జాగ్రత్త: ఎనామెల్ మీద ఎన్సీ పెయింట్ వేయకూడదు, దాని థిన్నర్ కింది పొరను ముడతలు పెట్టేస్తుంది.

షెడ్డుల్లో వాడే పీయూ పెయింట్ బాగా నిలుస్తుంది నిజమే. ఇంట్లో మాత్రం అది వద్దు. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. గన్‌తో కొట్టినప్పుడు ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి పడకుండా పోతే ఆ తర్వాత కొంచెం తగిలినా ఊపిరాడదు. ముఖానికి కట్టిన రుమాలు, దుమ్ము మాస్కు దీన్ని ఆపలేవు. మన దగ్గర ఈ పని చేసే మేస్త్రీల్లో చాలామంది రుమాలుతోనే బతుకు వెళ్ళదీస్తున్నారు. వాళ్ళు చేస్తున్నారు కదా అని ఇంట్లో చేయడానికి లేదు. గడ్డం ఉన్నవారికి ఇంకో సంగతి: కార్ట్రిడ్జ్ మాస్కు చర్మానికి అతుక్కుంటేనే పని చేస్తుంది, గడ్డం మీద అతుక్కోదు. ఎన్సీ, ఎనామెల్‌కైనా గాలాడే చోటు, ఆవిరి ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి. గడ్డం ఉన్నవారు గన్ పట్టకుండా రోలర్‌తో సరిపెట్టుకోవడం మేలు.

థిన్నర్ ఆవిరి నేల వెంట పాకి పొయ్యి దాకా వెళ్తుంది. పని జరిగేంతసేపు వంటింటి గ్యాస్, బీడీ, సిగరెట్ అన్నీ ఆపాలి, పిల్లలను వేరే ఇంటికి పంపాలి. చేతులకు గ్లవ్స్ వేసుకోవాలి. చర్మం మీద, గోళ్ళ మీద పెయింట్ పొర ఉంటే కిందికి నీళ్ళు తగలవు, వుజూ కాదు. అంటిన తడి ఎనామెల్ వంట నూనెతో రుద్ది సబ్బుతో కడిగితే వచ్చేస్తుంది, థిన్నర్‌తో చేతులు కడుక్కోవద్దు.

అదే రంగు మళ్ళీ వేస్తే ఎవరినీ అడగక్కర్లేదు. రంగు మారిస్తే మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో మార్పించాలి, ఇన్సూరెన్సు వాళ్ళకూ తెలపాలి. ఆలివ్ గ్రీన్ అసలు వేయకూడదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల 121వ నిబంధన దాన్ని రక్షణ శాఖ బండ్లకే ఉంచింది.

రంగు వేసి బండి అమ్మే ఆలోచన ఉంటే, ఏ ప్యానెల్‌కు వేశారో, పుట్టీ ఎక్కడ ఉందో కొనేవారికి ముందే చెప్పాలి. మదీనా బజారులో పైకి ఆరి, లోపల తడిగా ఉన్న ధాన్యపు కుప్పలో దైవప్రవక్త (సఅసం) చెయ్యి పెట్టి చూసి, తడి భాగాన్ని పైకి ఎందుకు పెట్టలేదని ఆ వ్యాపారిని నిలదీసిన హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. పని చేసేటప్పుడే ఫోన్‌లో నాలుగు ఫొటోలు తీసి ఉంచుకుంటే చూపించడం తేలిక. పుట్టీ కింద ఏముందో అవే చెబుతాయి, బేరం దగ్గర అనుమానాలకు చోటుండదు.