సీటు బెల్టు లోపలి ఇనుప గుండు

కారులో సీటు బెల్టును మెల్లగా లాగితే వస్తది. ఒక్కసారి గట్టిగా గుంజితే ఆగిపోతది. ఎందుకు? ఈ ఎపిసోడ్‌లో దాని కథే.

గోదావరిఖని వాళ్లకు బాయి భాషలో చెప్తే ఇది తొందరగా అర్థమైతది. ఇంక్లైన్ బాయిల్లో బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగేటప్పుడు వెనక ఒక ఇనుప కడ్డీ పెడతారు. దాని పేరు బ్యాక్ స్టే. టబ్బులు పైకి పోతున్నంతసేపు అది ఊరికే వెంట ఈడ్చుకుంటూ వస్తది. తాడు తెగి టబ్బులు వెనక్కి జారితే నేలలో గుచ్చుకుని అడ్డుపడతది. మామూలప్పుడు అడ్డం రాదు, ప్రమాదంలో వదలదు. సీటు బెల్టుకు ఈ గుణం మొదట్లో లేదు.

అంతకుముందు ఎక్కువగా నడుము బెల్టులే ఉండేవి. 1959లో వోల్వో ఇంజినీర్ నీల్స్ బోలిన్ భుజాన్నీ నడుమునూ కలిపి పట్టే మూడు పాయింట్ల బెల్టు తెచ్చాడు. అంతకుముందు ఆయన సాబ్ కంపెనీలో విమానాల ఎజెక్షన్ సీట్ల మీద పనిచేశాడు. ఆ డిజైన్‌ను మిగతా కంపెనీలు కూడా వాడుకోవడానికి వోల్వో ఒప్పుకుంది. కానీ అప్పటి బెల్టును చేత్తో సరిచేసుకోవాలి. బిగిస్తే కదలలేం, వదులు చేస్తే లాభం లేదు.

ఆ చిక్కు తీర్చింది రిట్రాక్టర్. లోపల స్ప్రింగు బెల్టును చుట్టి పెడతది. పక్కనే చిన్న గిన్నెలో ఒక ఇనుప గుండు ఉంటది. కారు ఒక్కసారిగా ఆగితే గుండు దొర్లి ఒక మీటను లేపుతది. ఆ మీట పళ్ల చక్రానికి అడ్డుపడి బెల్టును ఆపేస్తది. మీరు ఝాడించి గుంజినా చాలు, చక్రం వేగానికే లాక్ పడేలా ఇంకో ఏర్పాటు కూడా ఉంటది.

60 కిలోమీటర్ల స్పీడు అంటే సుమారు 14 మీటర్ల ఎత్తు నుంచి పడి నేలను తాకే వేగం. దాన్ని చేతులతో ఆపుకోలేం. 2018 ఆగస్టు 29న నల్గొండ జిల్లాలో జరిగిన ప్రమాదంలో నందమూరి హరికృష్ణ గారు కారులోంచి బయటపడి చనిపోయారు. ఆయన బెల్టు పెట్టుకోలేదని అప్పట్లో వార్తలొచ్చాయి.

అయినా కొందరు అలారం మోగకుండా బకిల్‌లో ఉత్త క్లిప్పు పెడతారు. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వాటిని అమ్మొద్దని 5 ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. టోపీ లేకుండా బాయిలోకి దిగని మనిషి, షిఫ్టు అయ్యాక బెల్టు లేకుండా రాజీవ్ రహదారి ఎక్కడం ఏం లెక్క?

ఈసారి కారెక్కినప్పుడు, వెనక సీటైనా సరే, బెల్టును ఒక్కసారి గుంజి చూడండి. ఆగకపోతే మెకానిక్‌కు చూపించండి. ఆగితే పెట్టుకోండి.