శబ్ద కాలుష్యం: చెవికి అలవాటైనా గుండెకు కాదు

ప్రధాన రహదారి పక్కన నివసించేవారిని రాత్రి నిద్ర పడుతోందా అని అడిగితే, ‘అలవాటైపోయింది’ అనే సమాధానమే తరచుగా వస్తుంది. వైద్యశాస్త్రం ఈ మాటను సగమే అంగీకరిస్తుంది. రొదను మనసు పట్టించుకోవడం మానేయవచ్చు గానీ, శరీరం మానదు. నిద్రిస్తున్న వ్యక్తి మేలుకోకపోయినా, లారీ హారన్ మోగగానే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు సంకోచిస్తాయి, ఒత్తిడి హార్మోన్లు విడుదలవుతాయి. ఏళ్ల తరబడి ఇదే కొనసాగితే అధిక రక్తపోటు, గుండెజబ్బుల ముప్పు పెరుగుతుంది. వాహనాల రాకపోకల రొద కారణంగా పశ్చిమ ఐరోపాలో ప్రజలు ఏటా కనీసం 10 లక్షల ఆరోగ్యకర జీవన సంవత్సరాలను కోల్పోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో అంచనా వేసింది. అందులో అత్యధిక వాటా వినికిడి లోపానిది కాదు, నిద్రాభంగానిది.

చెవికి జరిగే హాని మరో రకమైనది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు సుమారు 15 వేలు ఉంటాయి. ఒకసారి నశిస్తే అవి తిరిగి పుట్టవు. 85 డెసిబెళ్ల ధ్వనిని రోజుకు 8 గంటలు మించి వినడం ప్రమాదకరమని నిపుణులు చెబుతారు. ఆపై ప్రతి 3 డెసిబెళ్లకు ఆ వ్యవధి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 100 డెసిబెళ్ల వద్ద మిగిలేది 15 నిమిషాలే. డెసిబెల్ కొలమానం మామూలు అంకెల వరుస కాకపోవడమే ఇందుకు కారణం. 60 నుంచి 70కి చేరడమంటే ధ్వని తీవ్రత పది రెట్లు కావడం.

పిల్లల విషయంలో నష్టం చదువులో కనిపిస్తుంది. న్యూయార్క్‌లో రైలు వంతెనను ఆనుకుని ఉన్న ఒక పాఠశాలలో, పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు పఠనంలో అవతలి వైపు పిల్లలకంటే దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారని 1975లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. పట్టాల మోతను, గదుల్లోకి వచ్చే చప్పుడును తగ్గించాక ఆ తేడా మాసిపోయింది. జర్మనీలోని మ్యూనిక్‌లో 1992లో పాత విమానాశ్రయం మూతపడినప్పుడు ఆ పరిసరాల పిల్లల జ్ఞాపకశక్తి, పఠన సామర్థ్యం మెరుగుపడ్డాయి. కొత్త విమానాశ్రయం సమీపంలోని పిల్లల్లో అవే క్షీణించాయి.

భారతదేశంలో 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టానికి 1987లో చేసిన సవరణ శబ్దాన్ని కూడా కాలుష్యకారకంగా గుర్తించింది. 2000లో వచ్చిన నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు గరిష్ఠ పరిమితి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్ల వరకు ఉండే నిశ్శబ్ద మండలాల్లో అది 50, 40 మాత్రమే. కాగితంపై ఇవి ఉదారమైన అంకెలేమీ కావు.

లౌడ్‌స్పీకర్ల వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరిన తీరు విషాదకరం. 1998లో అత్యాచారానికి గురైన 13 ఏళ్ల బాలిక ఆర్తనాదాలు పొరుగున మోగుతున్న సంగీతపు హోరులో ఎవరికీ వినిపించలేదు. ఆమె అదే రోజు ఒంటికి నిప్పంటించుకుని మరణించింది. ఈ ఘటనపై పత్రికల్లో వచ్చిన వార్త చదివి ఒక ఇంజనీరు ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. అక్కర్లేని శబ్దానికి దూరంగా జీవించడం రాజ్యాంగం 21వ అధికరణ కింద లభించే హక్కులో భాగమేనని 2005 జులై 18న న్యాయస్థానం స్పష్టం చేసింది.

హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో శబ్ద స్థాయిని నిరంతరం నమోదు చేసే వ్యవస్థను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2011లో ప్రారంభించింది. కొలతలు ఉన్నా, ఫిర్యాదుకు ఒక చిక్కు ఉంది. ధ్వని పరిమితిని కనీసం 10 డెసిబెళ్లు మించితేనే పౌరుడు ఫిర్యాదు చేయవచ్చని నిబంధన చెబుతోంది. అంటే, తీవ్రత పది రెట్లయ్యే దాకా ఓర్చుకోవాలన్నమాట. అయితే రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల మధ్య అమలయ్యే ఆంక్షలను ఉల్లంఘిస్తే ఈ షరతు వర్తించదు. డెసిబెల్ మీటరు చేతిలో లేకున్నా నిర్దేశిత అధికారికి ఫిర్యాదు ఇవ్వవచ్చు.