శునకాలలో అలర్జీ చర్మవ్యాధి: పశువైద్యుని చీటీపైనే మందులు వాడాలి

పెంపుడు శునకాలలో తరచుగా కనిపించే చర్మ రుగ్మతలలో అలర్జీ వలన కలిగే దురద ముఖ్యమైనది. పాదాలను అదేపనిగా నాకుట, చెవులు, చంకలు, పొట్ట దిగువ భాగం ఎర్రబారుట, వెంట్రుకలు రాలుట దీని లక్షణాలు. ఈ వ్యాధి సాధారణంగా పూర్తిగా నయం కాదు. అయితే క్రమబద్ధమైన చికిత్సతో అదుపులో ఉంచవచ్చును. వ్యాధి నిర్ధారణ జరగక మునుపే మందుల దుకాణంలో కొన్న స్టెరాయిడ్ మాత్రలు వేయడం వలన మేలు కంటె కీడే ఎక్కువ.

కారణాలు

శునకాల రక్తం పీల్చే ‘ఫ్లీ’ కీటకాల లాలాజలం, ఆహారంలోని కొన్ని మాంసకృత్తులు, ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు అలర్జీకి ప్రధాన కారణాలు. పరిసరాల వలన కలిగే అలర్జీ (అటోపీ) సాధారణంగా 6 నెలల నుంచి 3 సంవత్సరాల వయసులో బయటపడుతుంది.

నిర్ధారణ

అటోపీని ఒకే పరీక్షతో నిర్ధారించుట సాధ్యం కాదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ రావాలి. చర్మాన్ని గీకి తీసిన నమూనాను సూక్ష్మదర్శినిలో పరీక్షించి గజ్జి పురుగులు, డెమోడెక్స్ పురుగులు లేవని చూసుకోవాలి. డెమోడెక్స్ సోకిన శునకానికి స్టెరాయిడ్ ఇచ్చినచో రోగనిరోధక శక్తి తగ్గి వ్యాధి ఒళ్లంతా వ్యాపించవచ్చు. ఆహార అలర్జీ అనుమానమున్నచో కనీసం 8 వారాలు ప్రత్యేక ఆహారం మాత్రమే పెట్టి పరిశీలించాలి.

ప్రధాన ఔషధాలు

ప్రెడ్నిసోలోన్: త్వరగా పనిచేస్తుంది, ఖర్చు తక్కువ. దాహం, ఆకలి, మూత్రం అధికమవుతాయి. దీర్ఘకాలం వాడినచో కండరాలు క్షీణించుట, అంటురోగాలు, మధుమేహం సంభవించవచ్చు. చాలాకాలం వాడిన మందును ఒక్కసారిగా ఆపరాదు. మోతాదును క్రమంగా తగ్గించాలి.

సైక్లోస్పోరిన్: సాధారణ మోతాదు శరీర బరువు కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు. పూర్తి ఫలితానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. తొలి రోజులలో వాంతులు, విరేచనాలు కలుగవచ్చు.

ఓక్లాసిటినిబ్: అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఆమోదించింది. ఒక రోజులోనే దురద తగ్గడం మొదలవుతుంది. కిలోకు 0.4 నుంచి 0.6 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజుల వరకు రోజుకు రెండుసార్లు, అటుపై ఒకసారి ఇస్తారు. 12 నెలల లోపు వయసు గలవాటికి, తీవ్రమైన అంటురోగాలు ఉన్నవాటికి ఇవ్వరాదు.

లోకివెట్‌మాబ్: దురదను ప్రేరేపించే ఇంటర్‌ల్యూకిన్-31 అనే పదార్థాన్ని అడ్డుకొనే ఇంజెక్షన్. ప్రభావం సాధారణంగా 4 నుంచి 8 వారాలు ఉంటుంది.

యాంటీహిస్టమిన్ మాత్రల ప్రయోజనం పరిమితం. దురదతోపాటు బాక్టీరియా, మలసీజియా అనే శిలీంధ్రం సోకినచో వాటికి విడిగా చికిత్స చేయాలి. లేనిచో అలర్జీ మందు ఇచ్చినా దురద తగ్గదు. ఏ మందు వాడినా, ఫ్లీ కీటకాల నివారణ సంవత్సరం పొడవునా కొనసాగించాలి.

జాగ్రత్తలు

డ్రగ్స్ రూల్స్, 1945లోని షెడ్యూల్ ‘హెచ్’ ఔషధాలను చీటీ లేకుండా విక్రయించరాదు. మనుషులు వాడే ఐబుప్రొఫెన్ శునకాలకు విషతుల్యం. జీర్ణాశయంలో పుండ్లు, మూత్రపిండాల వైఫల్యం కలుగవచ్చు. స్టెరాయిడ్‌తోపాటు ఇతర నొప్పి నివారణ మాత్రలు కలిపి ఇచ్చినా ఇటువంటి పుండ్ల ప్రమాదం ఉంది. మనుషుల చర్మ లేపనాలు పూసినచో శునకం నాకి మింగే అవకాశముంది.

మోతాదు బరువును బట్టి మారుతుంది కనుక ప్రతి పరీక్షకు శునకాన్ని తూకం వేయించాలి. వాడిన మందుల పేర్లు, తేదీలు, దురద తీవ్రత నమోదు చేసిన పుస్తకాన్ని పశువైద్యునికి చూపినచో చికిత్సను సకాలంలో సవరించుటకు వీలవుతుంది.