వర్క్ ఫ్రమ్ హోమ్: సొంతూరా, టెక్కలా, వైజాగా? నౌపడ వైపు టెకీలు ఇల్లు తీసుకునే ముందు ఇవి చూసుకోవాల్సిందే!

లాక్‌డౌన్ పోయి ఏళ్లయింది. కానీ 2020లో ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరికొచ్చిన వాళ్లలో కొందరు ఇంకా తిరిగి వెళ్లలేదు. కంపెనీ బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటుంది, మనిషి మాత్రం శ్రీకాకుళం జిల్లాలో ఉంటాడు. సంతబొమ్మాళి మండలం నౌపడ లాంటి ఊళ్లలో ఇలాంటి ఉద్యోగం ఉన్న ఇంట్లో ఒకటే చర్చ. అమ్మానాన్నల దగ్గరే ఉండిపోవాలా? టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో అద్దెకు దిగాలా? లేదంటే ఏకంగా వైజాగ్ వెళ్లిపోవాలా?

అద్దె ఎంత అన్నది తర్వాతి మాట. క్లయింట్ కాల్ మధ్యలో నెట్ పోవడం రెండు మూడుసార్లు జరిగితే ఉద్యోగానికే ఎసరు. అలాగని దూరం వెళ్తే, అర్ధరాత్రి నాన్నకు ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే వైజాగ్ నుంచి ఇంటికి చేరేసరికి మూడు, నాలుగు గంటలు. ఈ రెండు భయాల మధ్యే ఏరియా ఎంచుకోవాలి.

నౌపడలోనే ఉంటే..

నౌపడ అనగానే గుర్తొచ్చేవి రెండు. ఒకటి ఉప్పు మడులు, రెండోది రైల్వే జంక్షన్. హౌరా-చెన్నై మెయిన్ లైన్ మీద ఉన్న ఈ స్టేషన్ నుంచే గుణుపూర్ లైన్ విడిపోతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలు మొదలైంది ఇక్కడి నుంచే. 2011లో అది బ్రాడ్‌గేజ్ అయింది. ఇప్పుడు విశాఖ-గుణుపూర్ ప్యాసింజర్ ఇటుగానే వెళ్తుంది. నెలకోసారి వైజాగ్ వెళ్లి రావాల్సిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇక ఇల్లు సొంతం, అద్దె లేదు, అమ్మ చేతి భోజనం. తేలినీలాపురం పక్షులు కూడా దగ్గరే. అంతా బాగానే ఉంది కానీ, చిక్కంతా కరెంటుతోనే.

ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. పల్లెలకు కూడా ఫైబర్ వచ్చిందంటే ఈ ప్రాజెక్టు పుణ్యమే. అయితే ఆ కేబుల్ చాలా వరకు భూమిలో లేదు, కరెంటు స్తంభాల మీదుగా లాగారు. అంటే స్తంభం పడితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. రెండూ ఒకేసారి పోతే ఇంట్లో ఎంత పెద్ద ఇన్వర్టర్ ఉన్నా ఏం లాభం?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140-150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానం, టెక్కలి, పలాస వైపు వేల స్తంభాలు నేలకొరిగాయి. చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. అప్పట్లో ఇది కొబ్బరి, జీడి రైతుల కష్టం. ఇవాళ అలాంటిది వస్తే ఇంటి నుంచి పనిచేసే వాళ్ల లీవులన్నీ అక్కడే కరిగిపోతాయి. అందుకే ఊళ్లోనే ఉండాలనుకునేవాళ్లకు అక్టోబర్, నవంబర్ నెలల కోసం ఒక ప్లాన్ బి తప్పనిసరి. శ్రీకాకుళంలోనో వైజాగ్‌లోనో చుట్టాలిల్లు గానీ, హాస్టల్ గానీ ముందే మాట్లాడి పెట్టుకోవాలి. తుపాను హెచ్చరిక వచ్చాక బయల్దేరితే రైళ్లు రద్దయిపోతాయి.

మామూలు కరెంటు కోతలకైతే లెక్క సులువే. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోగా 1200 వరకు వాడుకోవచ్చు. ఒక ఫ్యాన్, ల్యాప్‌టాప్, రౌటర్, లైటు కలిపి 150 వాట్లు అనుకుంటే ఎనిమిది గంటల షిఫ్టు గట్టెక్కుతుంది. ఇంట్లో టీవీ, ఇంకో రెండు ఫ్యాన్లు కూడా దాని మీదే తిరిగితే మాత్రం సగానికి పడిపోతుంది. ఇక్కడే ఇంట్లో గొడవలు మొదలవుతాయి! పని గదికి విడిగా లైన్ లాగించుకుంటే మేలు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టుకోవాలి. లేకపోతే కరెంటు ఇన్వర్టర్‌కు మారే ఆ ఒక్క క్షణంలో రౌటర్ రీస్టార్ట్ అయి మీటింగ్ నుంచి బయటకు నెట్టేస్తుంది.

ఇంకో మాట. సముద్రం గాలికి, ఉప్పు మడుల గాలికి ఇనుమే కాదు, కేబుల్ కనెక్టర్లు కూడా తుప్పు పడతాయి. నెట్ ఊరికే స్లో అవుతోందంటే కంపెనీని తిట్టే ముందు ఇంటి బయట ఉన్న జాయింట్ ఒకసారి చూపించుకోవాలి.

టెక్కలి.. చాలామంది పట్టించుకోని ఆప్షన్

నిజం చెప్పాలంటే నౌపడ చుట్టుపక్కల వాళ్లకు ముందుగా చూడాల్సింది టెక్కలే. నౌపడకు పది కిలోమీటర్లలోపే. పదహారో నంబర్ జాతీయ రహదారి మీదుంది, రెవెన్యూ డివిజన్ కేంద్రం, ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. ఐతమ్ ఇంజినీరింగ్ కాలేజీ ఉండటంతో కుర్రాళ్లకు రూములు ఇచ్చే అలవాటు ఊరికి ఎప్పటి నుంచో ఉంది. పగలంతా అక్కడ పని చేసుకుని రాత్రికి ఇంటికి వెళ్లిపోవచ్చు. అంటే ఇల్లు మారకుండా ఒక గది అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. ఒక ఫైబర్, దానికి తోడు వేరే కంపెనీ 5జీ పెట్టుకుంటే ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. రెండూ ఒకే స్తంభం మీద నుంచి వచ్చే ఫైబర్లు తీసుకుంటే అది బ్యాకప్ కాదు.

లోటు ఏంటంటే, కాఫీ షాపులో కూర్చుని పని చేసుకునే వాతావరణం దొరకదు. వీకెండ్‌లో బోర్ కొడుతుంది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అది ఇదే సంతబొమ్మాళి మండలంలో ఉంది. పోర్టు పనులు, దాని మీద వచ్చే ఉద్యోగాలు పెరిగేకొద్దీ టెక్కలిలో అద్దెలు ఇప్పటిలా ఉండవన్నది గుర్తుంచుకోవాలి.

శ్రీకాకుళం సంగతేంటి?

జిల్లా కేంద్రంలో ఆసుపత్రులు, స్కూళ్లు దగ్గర. పిల్లలున్న వాళ్లు, డాక్టర్ దగ్గరికి తరచూ వెళ్లాల్సిన పెద్దవాళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు బలగ వైపు చూడొచ్చు, పెద్దాసుపత్రి అటే. ఏడు రోడ్ల కూడలి, డే అండ్ నైట్ కూడలి చుట్టుపక్కల అన్నీ చేతికందుతాయి, కానీ హారన్లు మైక్‌లో వినిపిస్తాయి. అరసవల్లి ప్రశాంతంగా ఉంటుంది, అయితే ఆదివారాలు, రథసప్తమి రోజుల్లో గుడి దారిలో బండి కదలదు. నాగావళి ఒడ్డున లోతట్టు వీధుల్లో చవగ్గా ఇల్లు దొరికిందంటే వరదల టైంలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్కింటివాళ్లనే అడగాలి. ఓనర్‌ను అడిగితే "ఎప్పుడూ రాలేదండీ" అంటారు.

రైలు మీద ఆధారపడేవాళ్లకు ఒక హెచ్చరిక. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఊళ్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. విజయనగరంలో ఆ బాధ లేదు, స్టేషన్ ఊళ్లోనే.

వైజాగ్ వెళ్లాలంటే ఏ ఏరియా?

అందరూ చెప్పే పేరు మధురవాడ. ఐటీ కంపెనీలు రుషికొండ మీద ఉండటం ఒక కారణం. ఇన్ఫోసిస్ ఆఫీసు 2023 అక్టోబర్‌లో అక్కడే మొదలైంది. 2025లో టీసీఎస్‌కు 99 పైసలకే 21 ఎకరాలు ఇచ్చిన వార్త అందరికీ తెలిసిందే. ఆ ఏడాది అక్టోబర్‌లో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన కూడా వచ్చింది. ఈ వార్తలన్నీ ముందుగా చదివేది ఇళ్ల ఓనర్లే!

కానీ ఆఫీసుకే వెళ్లని వాళ్లు ఆఫీసు పక్కన అద్దె ఎందుకు కట్టాలి? మధురవాడలో శ్రీకాకుళం వాళ్లకు పనికొచ్చే లాభం వేరే ఉంది. టెక్కలి, పలాస నుంచి హైవే మీద వచ్చే బస్సులు ఊళ్లోకి వెళ్లకముందే ఇటుగా వెళ్తాయి. కొమ్మాదిలోనో మధురవాడలోనో దిగిపోతే సిటీ ట్రాఫిక్ తప్పుతుంది. గాజువాకలో ఇల్లు తీసుకుంటే ఊరెళ్లే ప్రతిసారీ సిటీ మొత్తం దాటాలి. మైనస్ ఏంటంటే నీళ్లు. వేసవిలో ట్యాంకర్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లు ఇటువైపు ఉన్నాయి. మెయింటెనెన్స్‌లో ట్యాంకర్ ఖర్చు కలిసి ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార పాత ఏరియాలు. రైతుబజార్లు, ఆసుపత్రులు, బస్సులు అన్నీ నడిచే దూరంలోనే. అద్దె ఎక్కువైనా, ఒంటరిగా ఉండే అమ్మాయిలకు, ముఖ్యంగా అమెరికా టైమింగ్స్‌లో పనిచేసేవాళ్లకు ఇవే నయం. రాత్రి పదకొండుకు కూడా వీధిలో మనుషులుంటారు. పోర్టుకు దగ్గరగా వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు అద్దె తక్కువ, కానీ బొగ్గు దుమ్ము మీద అక్కడి జనం ఏళ్ల తరబడి ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు.

వైజాగ్‌కు ఇంకో ప్లస్ ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నగరాన్ని కుదిపేశాక ప్రపంచ బ్యాంకు నిధులతో కొన్ని ప్రాంతాల్లో కరెంటు లైన్లు భూమిలోకి మార్చారు. ఇల్లు చూసేటప్పుడు తలపైకెత్తి వీధిలో స్తంభాల మీద వైర్లున్నాయా లేదా చూడటం మర్చిపోవద్దు.

డబ్బు లెక్క

అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె ఇచ్చి హెచ్ఆర్ఏ మినహాయింపు అడగొచ్చు. ఇల్లు వాళ్ల పేరు మీద ఉండాలి, అద్దె బ్యాంకు ద్వారా ఇవ్వాలి, వాళ్లు దాన్ని ఆదాయంగా చూపించాలి. ఏడాదికి లక్ష దాటితే పాన్ నంబర్ ఇవ్వాలి. ఇదంతా పాత పన్ను విధానంలోనే, కొత్త విధానంలో హెచ్ఆర్ఏ మినహాయింపు లేదు. వైజాగ్ అయినా టెక్కలి అయినా లెక్క బేసిక్‌లో 40 శాతమే.

అగ్రిమెంట్లు మామూలుగా పదకొండు నెలలకే రాస్తారు. అందులో ఒక షరతు అడిగి రాయించుకోవాలి: కంపెనీ ఆఫీసుకు రమ్మంటే నెల నోటీసుతో ఖాళీ చేయొచ్చు, అడ్వాన్స్ కోత ఉండదు. కంపెనీలు ఎప్పుడు వెనక్కి పిలుస్తాయో ఎవరూ చెప్పలేని రోజులివి. వర్క్ ఫ్రమ్ హోమ్ ఎప్పటిదాకా అన్నది మేనేజర్ నోటిమాటతో సరిపెట్టుకోకుండా హెచ్ఆర్ నుంచి మెయిల్ తీసుకోవాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు

ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి డౌన్‌లోడ్ నంబర్ చూసి మురిసిపోవడం మామూలే. కానీ వీడియో కాల్‌కు కావాల్సింది అప్‌లోడ్. మంచి క్వాలిటీ గ్రూప్ కాల్‌కు రెండు వైపులా 3 నుంచి 4 ఎంబీపీఎస్ చాలు. అది రాత్రి తొమ్మిదికి, వీధంతా సినిమాలు చూసే టైంలో కూడా వస్తుందా అన్నదే ప్రశ్న. పై అంతస్తులోనో పక్క వాటాలోనో ఉన్నవాళ్ల నెట్ మీద పది నిమిషాలు నిజంగా కాల్ మాట్లాడి చూడాలి, తలుపు వేసి. కొన్ని ఇళ్లలో గదిలోకి వెళ్లగానే సిగ్నల్ పోతుంది.

కరెంటు ఎన్నిసార్లు పోతుందో ఆ వీధిలో కిరాణా కొట్టు అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్లు ఆయనవే మరి. దిగాక సరఫరా సమస్య వస్తే ఈపీడీసీఎల్ నంబర్ 1912. వీలైతే ఇల్లు చూడటానికి ఆదివారం పొద్దున కాకుండా, గట్టిగా వాన పడిన మర్నాడు వెళ్లండి. నెట్, కరెంటు, వీధిలో నీళ్లు.. మూడూ ఒకే ట్రిప్పులో తేలిపోతాయి.