కొండాపూర్ దిబ్బ ఎవరిది?

జహీరాబాద్ తాలూకాలో చాలా భాగం 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదక్‌లో కలిసింది. డెబ్బై ఏళ్ల కిందట గీసిన ఈ సరిహద్దులను పట్టుకుని రెండువేల ఏళ్ల నాటి నగరాలను పంచుకోవడం మన పురావస్తు చర్చలకు అలవాటైపోయింది. సంగారెడ్డి దాపున ఉన్న కొండాపూర్ దిబ్బ చరిత్రే ఇందుకు సాక్ష్యం.

గ్రామస్థులు కోటగడ్డ అని పిలిచే ఈ దిబ్బను నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ తరఫున గులాం యాజ్దానీ తవ్వించారు. 1941లో భండార్కర్ సంస్థ పత్రికలో అచ్చయిన తన వ్యాసం శీర్షికలోనే ఆయన దీన్ని 'ఆంధ్ర పట్టణం' అన్నారు. ఆ మాట అప్పుడు ఇక్కడివారికి పరాయిది కాదు. నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం 1930లో జరిగింది ఈ పక్కనున్న జోగిపేటలోనే. ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 పట్టణాలు ఉన్నాయని ప్లినీ రాశాడు కనుక వాటిలో ఇదొకటని చెప్పుకోవడమూ ఆనవాయితీ అయింది. ప్లినీ మాత్రం ఒక్కదాని పేరూ చెప్పలేదు.

తర్వాత వాదం మతం మీదికి మళ్లింది. యాజ్దానీకి ఇక్కడ స్తూపం, చైత్యాలు కనిపించాయి. 2009–11లో కేంద్ర పురావస్తు శాఖ తవ్వినప్పుడు రకరకాల ఆకారాల్లో ఇటుక కుండాలు బయటపడి, వైదిక, శాక్త ఆరాధనల ప్రస్తావన వచ్చింది. ఇందులో ఒకటి నిలవాలంటే రెండోది కూలాలా? నానాఘాట్ శాసనం ఆ కాలపు పాలకులైన శాతవాహనుల యజ్ఞాలను ఏకరువు పెడుతుంది. అదే వంశపు రాజమాత గౌతమీ బలశ్రీ నాసిక్‌లో బౌద్ధ భిక్షువులకు గుహను దానమిచ్చింది. ఆ కాలానికి లేని పేచీని మనం తెచ్చి అంటగడుతున్నాం.

నా దృష్టిలో ఇక్కడ అన్నిటికంటే విలువైనవి తెల్లటి కేయోలిన్ మట్టి బొమ్మలు. ముందు భాగం ఒక అచ్చులో, వెనుక భాగం మరో అచ్చులో తీసి అతికించారు. లోపల డొల్ల. స్త్రీమూర్తుల జడలు, కొప్పులు, నగలు అంగుళం మేరలోనే ఎంతో నేర్పుగా దిద్దారు. ఇలాంటివే మహారాష్ట్రలోని తేర్‌లో, భోకర్దన్‌లో దొరికాయి. బొమ్మలే వెళ్లాయో, చేసేవాళ్లే వెళ్లారో గాని దక్కను మీద ఈ పనితనానికి ఎల్లలు లేవన్నది ఖాయం.

శాతవాహనుల రాజధాని తగాదాదీ ఇదే తీరు. మహారాష్ట్రకు పైఠాన్ ఉంది. సుక్తంకర్ నూరేళ్ల కిందటే శాతవాహనుల స్వస్థలం బళ్లారి వైపని వాదించారు. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద పరబ్రహ్మశాస్త్రి వంశ స్థాపకుడి పేరు 'చిముక' అని చదివాక, తొలి రాజధాని అదేనన్న వాదం బలపడి, 2014 తర్వాత తెలంగాణ ఆత్మగౌరవంలో భాగమైంది. 2015లో ఆంధ్రప్రదేశ్ కూడా తన కొత్త రాజధానికి శాతవాహనుల నాటి స్తూపమున్న అమరావతి పేరు పెట్టుకుంది. కోటిలింగాల వాదంలో బలం లేకపోలేదు. కానీ నేల మీద ఏరిన నాణెం రాజు పేరు చెబుతుందే తప్ప, ఆయన అక్కడే ఏలాడని చెప్పదు. అందుకు అది ఏ పొరలో, ఏ వస్తువుల పక్కన దొరికిందో తెలియాలి.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు రాజధానుల వాదన కాస్త పక్కన పెట్టి, ప్రతి నాణేనికీ దొరికిన గుంత, పొర, లోతు తెలిపే జాబితాలను ముందు తెలుగులో అచ్చు వేయించాలి.