సొంత మైదానం

ఆటల వార్తలు చదివేటప్పుడు మాకు తరచుగా అవసరమయ్యే మాట ఒకటి ఉన్నది: ‘సొంత మైదానం’. ఫలానా జట్టు సొంత మైదానంలో గెలిచినదనీ, ఫలానా జట్టు పరుల మైదానంలో ఓడినదనీ చదివి ముగిస్తాము. అదే మాటను మన నగరపు జట్లకు అన్వయించి చూచినప్పుడు మాత్రం నోరు తడబడుతుంది. 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణపతకం సాధించిపెట్టిన శిక్షకుడు హైదరాబాదువాడు. మరి హైదరాబాదు ఫుట్‌బాల్ జట్ల సొంత మైదానం ఏది? ఆ ప్రశ్నకు సమాధానం వెదకటమే ఈ ప్రసంగం ఉద్దేశం.

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ పోయే మెట్రో రైలు చైతన్యపురి దాటిన పిమ్మట ‘విక్టోరియా మెమోరియల్’ అనే స్టేషనులో ఆగుతుంది. 2018 సెప్టెంబరు 24న ఈ మార్గం ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్, విక్టోరియా రాణి స్మారకంగా సరూర్‌నగర్‌లో నెలకొల్పిన అనాథ బాలల గృహం పేరే ఆ స్టేషనుకు పెట్టినారు. చుట్టుపక్కలవారు దానిని వి.ఎం. హోం అంటారు. ఆ ఆవరణలోని మైదానంలో తెల్లవారుజామున పెద్దలు నడుస్తారు, పిల్లలు ఆడుకొంటారు. అక్కడ ఆడే కుర్రవాణ్ణి పిలిచి, ‘నాయనా, ఇది ఏ జట్టు మైదానం?’ అని అడిగితే మనవంక వింతగా చూస్తాడు. ఖాళీగా ఉన్నది కనుక ఆడుకొంటున్నాము, అంతే గదా అని అతని భావం. అతని తప్పేమీ లేదు. మన నగరంలో ఫుట్‌బాల్ చరిత్ర యావత్తు ఈ ‘ఖాళీగా ఉన్నది కనుక’ అనే మాట మీదనే నడచినది.

ఇంగ్లండులో ఈ ప్రశ్నకు విలువ ఎక్కువ. అక్కడి ప్రాంతీయ లీగులలో చేరదలచిన చిన్న క్లబ్బు మొదట తన మైదానాన్ని చూపవలెను. చుట్టూ కంచె, దుస్తులు మార్చుకొనే గదులు, దీపాలు, ప్రేక్షకులకు నీడ, ఇన్ని ఉన్నవో లేవో పరిశీలించిన మీదటనే లీగులో స్థానం ఇస్తారు. 1974 వరకు ఇటువంటి క్లబ్బులలో అనేకం వేతనం లేని ఔత్సాహిక ఆటగాళ్ళవే. షెఫీల్డు నగరంలో హాలం అనే జట్టుకు శాండీగేట్ మైదానం ఉన్నది. 1860 డిసెంబరు 26న హాలం జట్టు, పొరుగున ఉన్న షెఫీల్డ్ క్లబ్బుతో అక్కడ ఆడినది. హాలం నేటికీ ఆ గడ్డమీదనే ఆడుతున్నది. ప్రపంచంలో అన్నిటికన్న పాత ఫుట్‌బాల్ మైదానంగా దానిని పరిగణిస్తారు.

అయితే ఆనాటి ఎదుటి జట్టు కథ వేరు. 1857లో పుట్టిన షెఫీల్డ్ క్లబ్బు ప్రపంచంలోని ఫుట్‌బాల్ క్లబ్బులన్నిటికీ పెద్దన్న. ఆ పెద్దన్న సుమారు నూట నలభై సంవత్సరాలు సొంత ఇల్లు లేక అద్దె ఇళ్ళలో తిరిగినాడు. చివరకు 2001లో, సొంత నగరంలో చోటు దొరకక, పొలిమేర దాటి డ్రోన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో స్థలం సంపాదించుకొన్నాడు. దక్షిణ లండనులోని డలిచ్ హామ్లెట్ క్లబ్బు అనుభవం మరీ ఇటీవలిది. దాని మైదానం గృహనిర్మాణ వ్యాపారుల చేతిలో పడినది. 2018 మార్చిలో క్లబ్బును బయటకు పంపినారు. పొరుగు జట్టు మైదానంలో తలదాచుకొని, అభిమానుల పోరాట ఫలితంగా ఆ డిసెంబరులోనే తిరిగి ఇల్లు చేరినది. దీనినిబట్టి సొంత మైదానం ఆ దేశంలోనూ తేరగా వచ్చినది కాదని తెలుస్తున్నది. కాని పోయినప్పుడు ‘ఇది మాది’ అని అడిగే నోరు అక్కడ ఉన్నది. ఆ నోటికి ఆధారం, మైదానం మీద క్లబ్బు పేరు ఉండటమే.

ఇక మన సంగతి. దక్కనుకు ఫుట్‌బాల్ సైన్యం వెంట వచ్చినది. సికిందరాబాదు, తిరుమలగిరి దండు ప్రాంతాలలో ఆంగ్ల సైనికులు ఆడగా చూచి మనవారు నేర్చినారు. 1939లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం ఏర్పడినది. జట్లు వెలసినవి, లీగు నడచినది. కాని అవి ఆడిన నేల వాటిది కాదు. కొంత దండుది, కొంత పోలీసులది, కొంత పాఠశాలలది, కొంత సర్కారుది. అతిథి ఎంత గౌరవంగా ఉన్నా, ఇంటివాడు లెమ్మన్నప్పుడు లేవవలసినదే గదా!

ఈ అతిథి జీవితంలోనే సయ్యద్ అబ్దుల్ రహీం గారు అద్భుతం సాధించినారు. 1909లో జన్మించిన రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు, వృత్తిచేత బడిపంతులు. వారు బోధించిన పాఠశాలలలో చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల ఒకటి. చాదర్‌ఘాట్ నుండి మలక్‌పేట మీదుగా పోయే దారియే దిల్‌సుఖ్‌నగర్‌కు, అక్కడి నుండి ఎల్.బి.నగర్‌కు దారి. యౌవనంలో కమర్ క్లబ్బు తరఫున ఆడిన రహీం గారు, పిమ్మట ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. 1950 నుండి హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చినారు. బంతిని కాలివద్ద త్రిప్పుకొంటూ పోరాదు, వెంటనే అందించవలెనన్న నియమంతో ఆయన పోటీలు పెట్టినారు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనన్న నియమంతోనూ పెట్టినారు. గొప్ప కట్టడాలు లేని ఊళ్ళో గొప్ప పద్ధతి ఒకటి పుట్టినది.

దాని ఫలితం లోకమంతా చూచినది. 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయాలు బొంబాయిలోని రోవర్స్ కప్పును సిటీ పోలీసులు గెలుచుకొన్నారు. నిజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో చేరినది. ఆ సంవత్సరమే ఈ జైత్రయాత్ర మొదలైనది. 1956–57లోను, ఆ మరుసటి ఏడును హైదరాబాదు సంతోష్ ట్రోఫీ గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాలుగవ స్థానం పొందినది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, లతీఫ్, తులసీదాస్ బలరాం వంటి మన ఆటగాళ్ళు అందులో ఉన్నారు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ పోలీసు జట్టును నిలిపినది జీతమూ ఉద్యోగమూ గాని, ప్రజలు చందాలతో కట్టుకొన్న మైదానం కాదు. ఆ జట్టుకు ఉద్యోగమే ఇల్లు.

ఉద్యోగం లేని చిన్న క్లబ్బు ఆటగాని మాటేమిటి? బలరాం గారు సికిందరాబాదు వద్ద అమ్ముగూడలో పెరిగిన పేదబాలుడు. రైడర్స్ క్లబ్బు అనే స్థానిక జట్టుకు ఆడినారు. నగరంలో అభ్యాసానికి రమ్మని రహీం గారు పిలిచినప్పుడు అంత దూరం వచ్చే స్తోమత ఆయనకు లేదు. సైకిలు అద్దెకు డబ్బు రహీం గారే ఇచ్చినారని బలరాం గారు కడపటి వరకు కృతజ్ఞతతో తలచుకొన్నారు. ఇంటివద్ద మైదానం లేని పిల్లవానికి గురువుగారి జేబులోని డబ్బు మైదానం అయినది. 2023లో కన్నుమూసిన బలరాం గారు 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టుకు వెళ్ళిపోయినారు. పిమ్మట 1966లో హబీబ్, నయీముద్దీన్ గార్లు అదే బాట పట్టినారు.

వారిని కలకత్తా పిలిచినదంటే డబ్బు ఒక్కటే కారణమని మేము అనుకోము. కలకత్తా మైదానం సైన్యపు భూమి. అయినా ఈస్ట్ బెంగాల్‌కు, మోహన్ బగాన్‌కు, మొహమ్మదన్ స్పోర్టింగ్‌కు అక్కడ పేరుపేరునా గుడారాలు, ఆవరణలు ఉన్నవి. నేల దండుది, గడ్డి క్లబ్బుది. తండ్రి కూర్చున్న చోటనే కొడుకు కూర్చుండి చూస్తాడు. సొంత మైదానమంటే పట్టా కాగితమే కానవసరం లేదని కలకత్తా నేర్పుతున్నది. పేరు పెట్టి, కాలం నిర్ణయించి, ఒక జట్టుకు అప్పగించిన స్థలం చాలును.

మన ఫతే మైదానం చూడండి. 1687లో గోలకొండ ముట్టడి కాలంలో ఔరంగజేబు సైన్యం విడిదిచేసిన చోటు కావటంచేత ఆ విజయానికి గుర్తుగా ఆ పేరు వచ్చినదంటారు. ఆసఫ్‌జాహీల కాలంలో అక్కడ పోలో ఆడినారు. 1955లో న్యూజిలాండుతో క్రికెట్ టెస్టు జరిగినది. 1967లో అది లాల్ బహదూర్ స్టేడియం అయినది. ఎల్.బి.నగర్‌ది కూడా ఆ మహనీయుని పేరే. స్టేడియం ఏ క్లబ్బుకూ చెందక, ప్రభుత్వానిదిగా అందరికీ పంచిపెట్టబడినది. ఈ సంగతి గ్రహించిన క్రికెట్ సంఘంవారు ఉప్పల్‌లో సొంత ఇల్లు కట్టుకొన్నారు. 2005 నుండి అక్కడ అంతర్జాతీయ పోటీలు జరుగుతున్నవి. ఫుట్‌బాల్ ఆ పని చేయలేదు. పోలీసు కవాతులకు పేరుపొందిన గోషామహల్ మైదానంలో 2025 జనవరి 31న ఉస్మానియా ఆసుపత్రి కొత్త భవనాలకు శంకుస్థాపన జరిగినది. ఆసుపత్రి వలదనే రాతిగుండె మాకు లేదు. నగరానికి ఏది అవసరమైనా, మొదట కనబడే ఖాళీ స్థలం మైదానమే అవుతున్నదని మాత్రం చెప్పక తప్పదు.

డబ్బు ఉన్నంత మాత్రాన ఇల్లు నిలువదనటానికి కూడా మనకు దృష్టాంతం ఉన్నది. 2019లో హైదరాబాద్ ఎఫ్.సి. అనే వృత్తి జట్టు వచ్చి, గచ్చిబౌలి స్టేడియంలో ఆడి, 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేత అయినది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయి, పేరు కూడా మార్చుకొన్నది. నేలలో వేరు లేని మొక్కను ఎవరైనా కుండీతో సహా ఎత్తుకొనిపోవచ్చును. అజీజ్‌నగర్‌లో సొంత మైదానం ఏర్పరచుకొన్న శ్రీనిధి డెక్కన్ జట్టు వేరు మార్గం చూపినది. కాని అది నగరానికి పడమటి అంచు. తూర్పు వైపు పిల్లలకు ఎంతో దూరం.

తూర్పు వైపు సంగతి చెప్పి ముగిస్తాము. దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు పొలం. దిల్‌సుఖ్ రాం ప్రసాద్ అనే ఆసామి సేద్యపు భూములు ఇండ్ల స్థలాలై ఆయన పేరు ఆ ప్రాంతానికి నిలిచినదంటారు. ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు 2007లో మహానగర సంస్థలో కలిసిపోయినవి. ఊరు కలిసినది, జనం పెరిగినారు, మైదానాలు మాత్రం పెరుగలేదు. సరూర్‌నగర్ స్టేడియంలో రాజకీయ సభలు జరుగుతవి, బతుకమ్మ పండుగ జరుగుతుంది. జరుగవలసినవే. సభ ముగిసిన మరునాడు గుంటలు పూడ్చి, గడ్డి పెంచి, గోలుస్తంభాలు నిలబెట్టే బాధ్యత గల జట్టు ఏదీ లేకపోవటమే లోటు.

రహీం గారు 1963 జూన్ 11న పరమపదించినారు. వారి జీవితాన్ని గూర్చి 2024లో వచ్చిన హిందీ చలనచిత్రానికి ‘మైదాన్’ అని పేరు పెట్టినారు. వారి పేరుతో మన నగరంలో రహీం లీగు ఉన్నది. కాని చిత్రంలో ఉన్న మైదానం వీథిలో ఉండవద్దా? పెద్ద స్టేడియాలు కట్టనక్కరలేదు. ప్రతి పేటలో ఉన్న ఒక్క ఖాళీ స్థలాన్ని ఆ పేట జట్టుకు పదేండ్లో ఇరవై ఏండ్లో అప్పగించి, గుమ్మం మీద పేరు వ్రాయించి, దాని ఆలనాపాలనా వారికే వదలిపెట్టటం ప్రభుత్వానికి భారం కాదు. ఆదివారం సాయంకాలం సకుటుంబంగా పోయి చూడటం మనకూ భారం కాదు. అప్పుడు ఆ స్థలంపై ఎవరి కన్ను పడినా, ‘ఇది మాది’ అని అడిగేవారు పదిమంది ఉంటారు. వి.ఎం. హోం మైదానంలోని ఆ కుర్రవాడు కూడా మన ప్రశ్నకు వింతగా చూడక, ఒక జట్టు పేరు చెప్పగలుగుతాడు.