సాంచాల ఊళ్లో చేతి పాఠాలు

దేశంలోని మరమగ్గాల్లో మూడో వంతు దాకా భివండిలోనే ఉన్నాయంటారు. 2011 లెక్కల ప్రకారం ఏడు లక్షల జనాభా ఉన్న ఈ ఠాణే జిల్లా పట్టణంలో సాంచాలు, అంటే మరమగ్గాలు, కూడా ఇంచుమించు మనుషులన్ని ఉంటాయని వ్యాపారుల అంచనా. వాటి మీద నేసేది ఎక్కువగా గ్రే గుడ్డ. రంగూ అద్దకమూ లేని ఆ తానులు లారీలెక్కి వేరే ఊళ్లకు పోతాయి. ఈ ఊరి పద్మనగర్‌లో ఉండే తెలుగు నేతగాడు రోజంతా నేసిన గుడ్డ మీద చివరికి ఏ పువ్వు పూసిందో అతనికి తెలియదు. అదే సమయంలో దక్షిణ ముంబయిలో, 1999లో మొదలైన కాలా ఘోడా కళోత్సవానికి ఫిబ్రవరిలో జనం పిల్లల్ని వెంటబెట్టుకొని వెళ్లి, అక్కడి శిబిరాల్లో గుడ్డ మీద అచ్చు వేయడం, మట్టి పిసకడం, బొమ్మ గీయడం నేర్చుకొని వస్తారు. ఈ రెండు చోట్ల మధ్య దూరం యాభై కిలోమీటర్లే. అది అంత ఎడం ఎలా అయిందో తెలియాలంటే నూటయాభై ఏళ్లు వెనక్కి పోవాలి.

నేతింట్లో ఒకప్పుడు శిబిరం పెట్టి నేర్పవలసిన అవసరమే లేదు. ఆరేడేళ్ల పిల్ల రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. తల్లి ఆసు పోసేది. వీధి పొడవునా పడుగు సాచి గంజి పట్టించే రోజున వాడకట్టంతా బయటికొచ్చి చెయ్యి వేసేది. గుంట మగ్గంలో కాళ్లు దించే వయసొచ్చేసరికి పిల్లవాడికి సగం పని తెలిసే ఉండేది. దీన్ని తలచుకొని మురిసిపోవడం నాకు చేతకాదు. ఆ చదువులో బడి లేదు, ఆటకు తీరిక లేదు, కులం గడప దాటి ఎవరికీ నేర్పేదీ లేదు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. నేర్చుకునే చోటూ తిండి పెట్టే చోటూ అప్పుడు ఒకటే. తర్వాతి కథంతా ఆ రెండూ విడిపోయిన కథే.

బొంబాయిలో 1857లో జేజే చిత్రకళా పాఠశాల తెరిచారు. 1865లో లాక్‌వుడ్ కిప్లింగ్ అక్కడికి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. మిల్లు గుడ్డ దెబ్బకు చేతిపనులు కుంగిపోతుంటే వాటిని కాపాడాలన్న ఆలోచనతో 1891లో ఆ ఆవరణలోనే గవర్నరు లార్డ్ రే పేరిట వృత్తి శాలలు పెట్టారు. దెబ్బ కొట్టిన దొరతనమే మందు రాయడానికి కూర్చుందన్న మాట. పాత పనివాళ్ల నైపుణ్యం, కొత్త దొరల పాఠ్యప్రణాళిక: ఈ జంట మన దేశంలో అప్పుడు కుదిరి, ఇప్పటికీ విడిపోలేదు. కరీంనగర్ జిల్లా అన్నారంలో పుట్టిన పి.టి. రెడ్డి 1930లలో ఇదే జేజేలో చదివి, పేరున్న చిత్రకారుడయ్యాడు. ఆ జిల్లా నుంచే బొంబాయి రైలెక్కిన నేత కులస్థులు పద్మశాలీలు మిల్లుల్లో తేలారు.

ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో ఇంకో రకం శిబిరం వచ్చింది. బొంబాయి ప్రభుత్వం ఊరూరా తిరిగే నేత బడులు నడిపింది. తాడు లాగితే నాడె దానంతటదే పరుగెత్తే మగ్గాన్ని నేతగాళ్లకు అలవాటు చేయడం వాటి పని. అహ్మద్‌నగర్‌లో అమెరికన్ మరాఠీ మిషన్‌కు చెందిన చర్చిల్ అనే ఆయన కొత్త మగ్గమే తయారుచేసి దాని మీద నేర్పాడు. తరతరాలుగా నేసేవాడికి నేత నేర్పడానికి ఒకరు బయల్దేరారంటే నవ్వొస్తుంది గానీ, ఆ మగ్గం మీద రోజుకు నేసే గజాలు పెరిగిన మాట నిజం. నేతగాళ్లు వేగాన్ని కాదనలేదు. ఉపన్యాసం విని కాదు, పక్కింటివాడి సంపాదన చూసి వాళ్లు కొత్త మగ్గానికి మారారు.

భివండిలో నేత అప్పటికే ఉంది. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాది నుంచి కదిలి వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఇక్కడ చేమగ్గాల మీద రంగు నూలుతో చీరలు నేసేవారు. 1930ల నాటికి కరెంటు మగ్గాలు వచ్చాయి. తెలుగువాళ్ల రాక వేరే దారి. బొంబాయికి మనవాళ్ల వలస చాలా పాతది. కామాఠీపురాకు ఆ పేరు మన ప్రాంతం నుంచి వెళ్లిన కామాఠీ కూలీల వల్లే వచ్చింది. షోలాపూర్ మిల్లులు, బొంబాయి మిల్లులు, ఆ తర్వాత భివండి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ పల్లెల్లో చేమగ్గం కూడు పెట్టలేకపోయినప్పుడు నేతగాడి ముందున్న దారులివే. ‘దుబాయి, బొంబాయి, బొగ్గుబాయి’ అని తెలంగాణ తన వలసను లెక్కపెట్టుకున్నప్పుడు ఆ రెండో మాటలో భివండి కూడా ఉంది.

దేశానికి స్వాతంత్ర్యం రాకముందే, 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీజీ పిలిచిన విద్యా సదస్సు, చేతిపనిని చదువుకు నడుమ పెట్టాలంది. నూలు వడుకుతూనే లెక్కలు, భూగోళం నేర్చుకోవాలన్నది ఆలోచన. నేతింటి పిల్లలకు దొరకనివి లెక్కలూ భూగోళమూ గానీ చేతిపని కాదు. వాళ్ల దృష్టిలో ఈ పథకం తిరగబడి కనిపించి ఉంటుంది.

1950లలో కొత్త ప్రభుత్వం ఒకే గుడ్డను రెండు కళ్లతో చూసింది. 1954లో కనుంగో కమిటీ చేమగ్గాలను మెల్లగా మరమగ్గాలుగా మార్చమంది. మరుసటి ఏడు కర్వే కమిటీ చేమగ్గాన్ని నిలబెట్టాలంది. ఈ లాగులాటలోంచే మన కాలపు శిబిరాల అసలు మూలం పుట్టింది. 1956లో పుపుల్ జయకర్ చొరవతో బొంబాయిలోనూ మరికొన్ని నగరాల్లోనూ నేత సేవా కేంద్రాలు తెరిచారు. బొంబాయి కేంద్రంలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ పనిచేశాడు. ప్రభాకర్ బర్వే, గౌతమ్ వాఘేలా, భాస్కర్ కులకర్ణి లాంటి చిత్రకారులు ఆ కేంద్రాల్లో జీతానికి కుదిరారు. చిత్రకారుడు గీత గీస్తే, అద్దకం మేస్త్రీ రంగు కలిపితే, నేతగాడు పక్కనే మగ్గం మీద దాన్ని తేల్చి చూపేవాడు. ఒకే చూరు కింద మూడు పనులు చేసేవాళ్లు ఒకరికొకరు పాఠం చెప్పుకున్న చోటు అది. అంతకు ముందూ తర్వాతా అలాంటిది అరుదు.

సరిగ్గా అదే కాలంలో శ్రీకాళహస్తిలో, కమలాదేవి చట్టోపాధ్యాయ నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు కలంకారీ శిక్షణ కేంద్రం పెట్టింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువు. కరక్కాయ కలిపిన పాలలో తడిపిన గుడ్డ, బెల్లం, ఇనుప ముక్కలు పులియబెట్టి తీసిన నల్ల రంగు, వెదురు కలం. నేర్చుకునేవాళ్లకు నెలనెలా ఉపకార వేతనం ఇచ్చేవారు. ఈ చిన్న వివరమే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. శిష్యుడికి ఎదురు డబ్బిచ్చి నేర్పారు గనుకనే, ఇంట్లో పొయ్యి మీద ఎసరు ఆగకుండా ఒక తరం యువకులు కలం పట్టగలిగారు. శ్రీకాళహస్తి పని ఇవాళ బతికి ఉందంటే ఆ కేంద్రం పుణ్యం చాలా ఉంది.

బొంబాయి కేంద్రం నుంచి ఒక దారి భివండి పొరుగునే ఉన్న అడవి ఊళ్లకు వెళ్లింది. భాస్కర్ కులకర్ణి 1960ల కరవు కాలంలో బీహార్‌లోని మధుబని వెళ్లి, గోడల మీద బొమ్మలు వేసే ఆడవాళ్ల చేతికి కాగితం ఇచ్చినవాడు. 1970ల మొదట్లో అదే కాగితం పట్టుకొని ఠాణే జిల్లా వార్లీ ఆదివాసీ పల్లెలకు చేరాడు. వార్లీలలో పెళ్లింటి గోడ మీద బియ్యప్పిండితో చౌక్ రాయడం ముత్తైదువల పని. డహాణు ప్రాంతపు జివ్యా సోమా మషే మగవాడై ఉండీ ఆ గీతను పట్టుకొని, పెళ్లితో పనిలేకుండా రోజూ గీశాడు. 2011లో పద్మశ్రీ అందుకొని, 2018లో కన్నుమూశాడు. డహాణు ఇప్పుడు పాల్ఘర్ జిల్లాలోకి పోయింది గానీ, 2014 దాకా భివండిదీ దానిదీ ఒకే జిల్లా.

ఆ తర్వాత వార్లీకి పట్టిన యోగం మరే చేతిపనికీ పట్టలేదు. నేర్పడం తేలిక, సామగ్రి చవక. రెండు త్రికోణాలు కలిపితే మనిషి. గంటలో గీసిన బొమ్మను ఇంటికి పట్టుకుపోవచ్చు. బడుల్లో, కార్పొరేటు ఆఫీసుల్లో, మాల్స్‌లో వార్లీ తరగతులు వెలిశాయి. నేర్పేది చాలాసార్లు వార్లీలు కారు. నేర్చుకున్నవాడికి అది ఒక సాయంత్రపు సరదా. తప్పనను; అయితే లక్ష్మయ్య శిష్యులకు ప్రభుత్వం డబ్బిచ్చి కూర్చోబెట్టింది, ఇక్కడ శిష్యుడే రుసుము కట్టి కూర్చుంటాడు. రుసుము కట్టగలవాడి వీలును బట్టే శిబిరం ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలన్నది తేలుతుంది. దక్షిణ ముంబయిలో శిబిరాలుండి భివండిలో లేకపోవడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం భివండి లోపలే ఉంది. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో బొంబాయి మిల్లుల్లో రెండున్నర లక్షల మంది పని ఆపారు. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు, మిల్లులే ముగిశాయి. మిల్లు యజమానులు గుడ్డను భివండి సాంచాల మీద నేయించుకున్నారు. షెడ్లు గల్లీ గల్లీకీ పాకాయి. ఇక్కడ పని నేర్చుకోవడానికీ ఒక పద్ధతి ఉంది: ఊరివాడో బావమరిదో తీసుకొచ్చి నిలబెడతాడు. కండెలు అందించడం, తెగిన పోగు కలపడం, తర్వాత రెండు సాంచాలు, నాలుగు, ఆరు. పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలి, బిస్సీ అనే మెస్సులో భోజనం, షెడ్డు పైనో పక్కనో నిద్ర. ఇక శిబిరానికి తీరిక ఎక్కడిది? చప్పుడులో మాట వినపడదు గనుక గురువు సైగలతోనే నేర్పుతాడు.

ఇంత యంత్రం మధ్యలోనూ చేతికే మిగిలిన పని ఒకటుంది. పడుగు బీము అయిపోతే కొత్త బీము పోగులను పాతవాటికి ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. సిరిసిల్లలో వైపని అంటారు. బొటనవేలి కదలిక కంటికి ఆనదు. దీన్ని నేర్పే తరగతి ఏ కళోత్సవంలోనూ కనిపించదు. ఎవరైనా పెడితే నేను ముందు వరసలో కూర్చుంటాను.

ఇక షెడ్డు బయట. భివండి తెలుగువాళ్ల చేతికళ నవరాత్రుల్లో వీధికెక్కుతుంది. బతుకమ్మ పేర్చడం చూసినవాళ్లకు తెలుసు, అది ఒక్కరి పని కాదు. గునుగుకు రంగు పట్టించేవాళ్లు ఒకరు, కాడలు సమంగా కోసేవాళ్లు ఒకరు, వరసలు తప్పకుండా గోపురం లేపే పెద్దమ్మ ఒకరు. పిల్లలు పూలు అందిస్తూ నేర్చుకుంటారు. ఫీజు లేదు, ప్రశంసాపత్రం లేదు. బొంత కుట్టడమూ అలాంటిదే. కత్తిరింపులు, చిందీలు పోగుపడే ఊళ్లో పాత చీరల బొంత మన ఆడవాళ్లదీ, గోధడీ పేరుతో మరాఠీ ఆడవాళ్లదీ. ఇద్దరూ ఒక చాప మీద కూర్చుని కుట్టగల పని ఇది. 1970లో, 1984లో మతకల్లోలాలతో కాలిన ఊరు భివండి. 1980ల చివర పోలీసు అధికారి సురేశ్ ఖోపడే మొహల్లా కమిటీలు పెట్టి జనాన్ని ఒకచోట కూర్చోబెట్టాకే 1992–93లో ముంబయి మండుతున్నా ఇక్కడ మంట లేవలేదు. ఒకచోట కూర్చోవడం ఈ ఊరికి ఎంత అవసరమో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

పద్మశాలీలకు వాళ్లదే అయిన బొమ్మల కథ కూడా ఉంది. కూనపులివాళ్లు పటం విప్పి మార్కండేయుడి, భావనాఋషి కథ చెబుతారు. ఆ పటాలు రాసేది చేర్యాల నకాశీలు. కథ చెప్పించుకునే ఇళ్లు తగ్గాక నకాశీలు చిన్న బొమ్మలకూ మాస్కులకూ మళ్లారు. ఇవాళ హైదరాబాదులో చేర్యాల మాస్కుకు రంగులేయడం ఆదివారపు తరగతి. కులపురాణం తమదైన నేతగాళ్ల పిల్లలు మాత్రం భివండిలో, మహారాష్ట్ర పిల్లలు చాలామందిలాగే, ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ పరీక్షలకు కూర్చుని కుండనూ పండునూ గీస్తున్నారు.

ఇప్పుడు ఎవరైనా పద్మనగర్‌లో శిబిరం పెట్టాలనుకుంటే ఎదురయ్యే మొదటి గోడ సర్కారు రిజిస్టరు. నేత సేవా కేంద్రాలు చేనేత అభివృద్ధి కమిషనరు కింద నడుస్తాయి. మరమగ్గాలు టెక్స్‌టైల్ కమిషనరు కింద. మరమగ్గాల సేవా కేంద్రాలు నేర్పేది సాంచా నడపడం, మరమ్మతు, గుడ్డ పరీక్ష. గుంట మగ్గం మీద పెరిగిన మనిషి సాంచా దగ్గర నిలబడ్డ రోజునే మొదటి రిజిస్టరులోంచి పేరు పోయింది. రెండో రిజిస్టరుకు అతని పాత విద్యతో పనిలేదు. తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ చీరలను సిరిసిల్ల సాంచాల మీద నేయించడం మొదలుపెట్టి, భివండి వెళ్లినవాళ్లను తిరిగి రమ్మంది. ఆ ఏడే వరంగల్ జిల్లాలో జౌళి పార్కుకు పునాది వేసింది. పిలుపు మంచిదే. అడిగింది మాత్రం మీటర్లనే.

శిబిరానికి కావలసినవి పెద్దవేమీ కావు. గ్రే గుడ్డ ఊళ్లోనే ఉంది, నూలుదైతే రంగు పడుతుంది. కాకపోతే గంజి పోయేలా ఉడికించి ఉతకాలి. పాళీ మారే వేళ చూసుకోవాలి. చప్పుడుకు దూరంగా బడి గదో గుడి మండపమో దొరకాలి. దారాలు కత్తిరించే పని ఇంట్లో చేసుకునే ఆడవాళ్లు రావాలంటే ఆ రెండు గంటల కూలి వాళ్లకు ముట్టాలి. శ్రీకాళహస్తిలో ఇచ్చింది అదే. నేర్పేవాళ్ల కోసం ముంబయి చూడనక్కర్లేదు. ఆసు పోసినవాళ్లు, అచ్చు అతికినవాళ్లు, అంచు నేసినవాళ్లు అరవై, డెబ్బై దాటి ఆ గల్లీల్లోనే ఉన్నారు. వాళ్లకు గురువు జీతం ఏ పద్దు కింద రాయాలన్నదే మిగిలిన చిక్కు.